వేర్వేరు పట్టికలు, ఉమ్మడి హక్కులు
(ముస్లిం సామాజిక కార్యకర్తల శిక్షణ సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నాకు అప్పగించిన అంశం వినడానికి కొంత పొడిగా ఉంటుంది. ఇంటింటి సర్వేలో సేకరించిన వివరాలను కంప్యూటరులో ఎక్కించిన తరువాత, ఒక్కొక్క వర్గానికి ఒక్కొక్క పట్టిక ఎలా తయారుచేయాలి అన్నదే ఆ అంశం. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసిన కాలమంతా నేను పట్టికల మధ్యనే గడిపాను. ఆ అనుభవంతో ఒక మాట చెప్పగలను. అర్జీలోని ఆవేదనను చదివి పక్కన పెట్టే అధికారి కూడా సరిగా వేసిన పట్టికను పక్కన పెట్టడానికి వెనుకాడతాడు. ఎందుకంటే పట్టికకు జవాబు పట్టికతోనే చెప్పాలి.

ముందుగా, ఉమ్మడి లెక్క మనలను ఎలా మరుగుపరుస్తుందో చూద్దాం. 2001 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత 60.5 శాతం. అదే రాష్ట్రంలో ముస్లింల అక్షరాస్యత 68 శాతం. ఈ రెండు అంకెలను మాత్రమే చూసినవారు "ఇక వీరికి వెనుకబాటుతనం ఎక్కడిది?" అని అడుగుతారు. అడిగారు కూడా. కాని అప్పటి రాష్ట్ర జనాభాలో పట్టణవాసులు దాదాపు 27 శాతం మాత్రమే కాగా, ముస్లింలలో సగానికి పైగా పట్టణాలలోనే నివసిస్తున్నారు. బడులు ఎక్కువగా ఉండేది పట్టణాలలో. కనుక పట్టణవాసులను పట్టణవాసులతో, గ్రామవాసులను గ్రామవాసులతో పోల్చి చూడకుండా చెప్పే మాటకు విలువ లేదు.

దీనిని కల్పిత అంకెలతో వివరిస్తాను, కాగితం మీద రాసుకోండి. మనవారు నూరుమంది, ఇతరులు నూరుమంది అనుకుందాం. మనవారిలో 80 మంది పట్టణంలో ఉన్నారు, వారిలో 60 మంది చదువుకున్నారు. 20 మంది గ్రామంలో ఉన్నారు, వారిలో 10 మంది చదువుకున్నారు. మొత్తం 70. ఇతరులలో 20 మంది పట్టణంలో ఉన్నారు, వారిలో 17 మంది చదువుకున్నారు. 80 మంది గ్రామంలో ఉన్నారు, వారిలో 48 మంది చదువుకున్నారు. మొత్తం 65. ఉమ్మడి పట్టికలో మనమే ముందున్నాం. విడదీసి చూడండి. పట్టణంలో మనవారు 75 శాతం, ఇతరులు 85 శాతం. గ్రామంలో మనవారు 50 శాతం, ఇతరులు 60 శాతం. రెండు చోట్లా మనం వెనుకబడి ఉన్నాం, మొత్తంలో మాత్రం ముందున్నట్లు కనిపిస్తున్నాం. ఇందులో ఎవరూ అబద్ధం చెప్పలేదు. కూడిక కూడా తప్పు కాదు. విడదీయవలసిన చోట విడదీయకపోవడమే లోపం.

జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ 2006లో సమర్పించిన నివేదికకు ఆ బలం ఎక్కడినుండి వచ్చింది? ముస్లింలను ఒకే ముద్దగా చూపక రాష్ట్రాలవారీగా, పట్టణ గ్రామాలవారీగా, స్త్రీ పురుషులవారీగా వేరుచేసి చూపింది. ముస్లింలలోనే ఓబీసీలను ఒకచోట, తక్కినవారిని మరొకచోట నిలిపి పోల్చింది. సమాచారమంతా ఒకచోట లభించేలా జాతీయ సమాచార నిధిని నెలకొల్పాలని కూడా సిఫారసు చేసింది. కమిటీ వాడుకున్న ముడి సమాచారంలో ఎక్కువ భాగం ప్రభుత్వం వద్ద అప్పటికే ఉన్నది. దానిని విడదీసి పట్టికలు వేయడమే కొత్త.

ఇక మన రాష్ట్రాల సంగతి. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన చట్టంతో ముస్లింలలోని పలు వర్గాలకు బీసీ-ఈ పేరున 4 శాతం రిజర్వేషన్ లభించింది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టుకు చెందిన ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మెజారిటీ తీర్పుతో ఆ చట్టాన్ని కొట్టివేసింది. బీసీ కమిషన్ వివరాలు సేకరించిన పద్ధతి మీద కూడా ఆ తీర్పులో విమర్శ ఉన్నది. ఆ ఏడాది మార్చి 25న సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతోనే ఆ సదుపాయం నిలిచింది. న్యాయస్థానంలో మన గోడు కంటె ముందు మన లెక్కల తీరును పరీక్షిస్తారని దీనినిబట్టి గ్రహించాలి.

తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ప్రారంభించిన కులగణన ఫలితాలను 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది. రాష్ట్ర జనాభాలో ముస్లింలు 12.56 శాతం. అందులో బీసీ ముస్లింలు 10.08 శాతం, ఓసీ ముస్లింలు 2.48 శాతం. అంటే ప్రతి ఐదుగురు ముస్లింలలో నలుగురు వెనుకబడిన తరగతులవారే. 12.56 అనే ఒక్క అంకెను మాత్రమే ప్రకటించి ఉంటే ఈ విషయం బయటపడేదే కాదు.

ఇప్పుడు పనిలోకి వద్దాం. ప్రతి కుటుంబానికి ఒక వరుస, ప్రతి ప్రశ్నకు ఒక నిలువు గడి ఉండేలా వివరాలు ఎక్కించండి. పిల్లల చదువు వంటి విషయాలకు కుటుంబానికి కాక మనిషికి ఒక వరుస ఉండాలి. పేర్లను అక్షరాలలో టైపు చేయవద్దు. ఒకరు షేక్ అని, మరొకరు షేఖ్ అని, ఇంకొకరు షైక్ అని కొడితే కంప్యూటరుకు వారు మూడు వేర్వేరు వర్గాలు. 1 అంటే షేక్, 2 అంటే దూదేకుల, 3 అంటే ఖురేషీ, ఇలా అంకెలు ఇచ్చుకొని, ఆ అంకెల అర్థాన్ని లేబుళ్లుగా ఒకసారి రాసిపెట్టండి. జవాబు రాని గడికి 99 వంటి అంకె పెట్టి, అది లేని సమాచారమని సాఫ్ట్‌వేరుకు తెలియజేయండి. లేకపోతే 99 ఏళ్ల వృద్ధులు మన మొహల్లాలో లెక్కకు మించి పుట్టుకొస్తారు.

విశ్వవిద్యాలయాలలో వాడే ఎస్పీఎస్ఎస్ ఖరీదైనది. అదే పద్ధతిలో పనిచేసే పీఎస్పీపీ అనే సాఫ్ట్‌వేరు ఉచితంగా లభిస్తుంది. రెండింటిలోనూ డేటా మెనూలో స్ప్లిట్ ఫైల్ అనే ఆదేశం ఉన్నది. అందులో మూడు దారులు కనిపిస్తాయి. మొదటిది అందరినీ కలిపి లెక్కించడం. రెండవది కంపేర్ గ్రూప్స్, అంటే వర్గాలన్నింటినీ ఒకే పట్టికలో పక్కపక్కన నిలపడం. మూడవది ఆర్గనైజ్ అవుట్‌పుట్ బై గ్రూప్స్, అంటే ఒక్కొక్క వర్గానికి పూర్తిగా విడి పట్టిక ఇవ్వడం. అధికారులకు ఇచ్చే వినతిపత్రానికి రెండవ దారి మేలు, తేడా ఒక్క చూపులో తెలుస్తుంది. ఒక్కొక్క మొహల్లా కమిటీకి వారి వివరాలు వారికి అందజేయడానికి మూడవ దారి మేలు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు తప్పనిసరి. విడదీసే ముందు వరుసలను ఆ వర్గం ప్రకారం సర్దాలి. ఆ తెరపైనే సార్ట్ అన్న ఎంపిక ఉంటుంది. సర్దకుండా విడదీస్తే, ఒక వర్గం వరుసలు ఎక్కడెక్కడ తెగితే అక్కడక్కడ కొత్త పట్టిక మొదలవుతుంది. ఒకే బస్తీకి నాలుగు పట్టికలు వస్తాయి. ఇక రెండవది, పని ముగిసిన వెంటనే స్ప్లిట్ ఫైల్‌ను రద్దు చేయాలి. మీరు రద్దు చేసేవరకు ఆ తరువాతి ప్రతి లెక్కా విడివిడిగానే వస్తుంది. ఎవరైనా వచ్చి మొత్తం ఎంత అని అడిగితే మీరు ఒక బస్తీ అంకెను మొత్తంగా చదివి వినిపించే ప్రమాదం ఉన్నది.

ఎక్సెల్ మాత్రమే తెలిసినవారు నిరుత్సాహపడనక్కర లేదు. పివట్ టేబుల్‌లో మొహల్లా పేరును ఫిల్టర్ గడిలో ఉంచి, ఆప్షన్స్‌లోని షో రిపోర్ట్ ఫిల్టర్ పేజెస్ అన్న ఆదేశం ఇస్తే ఒక్కొక్క మొహల్లాకు ఒక్కొక్క షీటు తనంతట తానే తయారవుతుంది.

పట్టిక వచ్చింది. దానిని చదవడం వేరొక విద్య. ఒక మొహల్లాలో 200 మంది షేక్ పిల్లలు, 40 మంది దూదేకుల పిల్లలు ఉన్నారనుకోండి. షేక్ పిల్లలలో 30 మంది, దూదేకుల పిల్లలలో 10 మంది బడి మానేశారు. బడి మానేసినవారిలో 75 శాతం షేక్ పిల్లలే అన్నది నిజం. దానిని చూసి దూదేకులకు సమస్య లేదంటే అన్యాయం. షేక్ పిల్లలలో మానేసినవారు 15 శాతం, దూదేకుల పిల్లలలో 25 శాతం. ఎవరిని నూరుగా తీసుకున్నామో ప్రతి పట్టిక కింద రాయండి.

నూరుగా తీసుకొనే సంఖ్యలో పొరపాటు దేశవ్యాప్తంగా కూడా జరిగింది. 2011 జనాభా లెక్కలలో ముస్లింలలో 42.7 శాతం నిరక్షరాస్యులని పత్రికలలో వచ్చింది. ఆ లెక్కలో ఏడేళ్లలోపు పసిపిల్లలను కూడా నిరక్షరాస్యులుగా కలిపారు. ఏడేళ్లు, ఆపైబడినవారిని మాత్రమే తీసుకుంటే ముస్లింల అక్షరాస్యత 68.5 శాతం, నిరక్షరాస్యత 31.5 శాతం. మనకు అనుకూలమైనా ప్రతికూలమైనా సరికాని అంకెను మోయవద్దు. ఒక్క అంకె తప్పని తేలితే తక్కిన తొంభై తొమ్మిదింటినీ ఎవరూ నమ్మరు.

స్త్రీలను తప్పక వేరుగా లెక్కించండి. మొత్తం పిల్లల్లో ఇందరు చదువుతున్నారన్న అంకె వెనుక, పదవ తరగతి తరువాత ఇంట్లో ఆగిపోయిన ఆడబిడ్డ కనబడదు. కళాశాల దూరమా, బస్సు లేకనా, ఫీజు కట్టలేకనా అన్న ప్రశ్నకు జవాబు బాలికల విడి పట్టికలోనే దొరుకుతుంది. హాస్టల్ అడగాలో బస్సు అడగాలో అప్పుడే తేలుతుంది.

సోదరులారా, ఒక అభ్యంతరాన్ని దాటవేయడం నాకు ఇష్టం లేదు. "మస్జిదులో ఒకే సఫ్‌లో నిలబడే మనం కాగితం మీద షేక్, సయ్యద్, పఠాన్, దూదేకుల, ఫకీర్ అని విడిపోవడం ఏమిటి?" అని పెద్దలు కొందరు అడుగుతున్నారు. వారి బాధ నాకు అర్థమవుతుంది. కాని చట్టం మనలను ఇప్పటికే వేర్వేరుగా చూస్తున్నది. దూదేకులు, నూర్‌బాషాలు బీసీ-బీ. షేక్, ఖురేషీ, ఫకీర్ వంటివారు బీసీ-ఈ. సయ్యద్, పఠాన్, మొఘల్ ఆ జాబితాలో లేరు. ఒకే వీధిలోని ముగ్గురు పిల్లలు ఒకే మార్కులతో మూడు వేర్వేరు వరుసలలో సీటు కోసం నిలబడుతున్నారు. ఈ తేడాను మనం లెక్కించకపోతే అది మాయమైపోదు. మనలో అందరికంటె బలహీనుడు మాత్రం మాయమైపోతాడు. వైద్యుడు ఒక్కొక్క అవయవాన్ని వేరుగా పరీక్షిస్తాడు. అంతమాత్రాన శరీరాన్ని ముక్కలు చేసినట్లు కాదు గదా. పేద సయ్యద్ కుటుంబాల స్థితి కూడా విడి పట్టికలోనే బయటపడుతుంది.

ఇంకొక మాట. వివరాలు ఇచ్చిన తల్లి మనలను నమ్మి ఇచ్చింది. ఆధార్ సంఖ్య అడగవద్దు. పేర్లు, ఫోను నంబర్లు ఉన్న ఫైలును వేరుగా, తాళం వేసి ఉంచండి. పట్టికలు వేసే ఫైలులో వరుస సంఖ్య మాత్రమే ఉండాలి. ఒక గడిలో పదిమంది కంటె తక్కువ వస్తే దానిని బయటకు ఇవ్వవద్దు. ఫలానా వీధిలో ఇద్దరు వితంతువులు అని ముద్రిస్తే వారెవరో అందరికీ తెలిసిపోతుంది. పైగా ఏడుగురిలో ఇద్దరిని 28.6 శాతమని రాయడం అంకెలకు లేని గౌరవాన్ని ఆపాదించడమే.

ఈ పని ఇప్పుడే ఎందుకు? రాబోయే జనాభా లెక్కలకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా నిర్ణయించారు. అందులో కులం వివరాలు కూడా సేకరిస్తామని కేంద్రం ప్రకటించింది. గణకుడు గుమ్మం ముందు నిలబడి అడిగినప్పుడు "మేము ముస్లింలం, అంతే రాసుకోండి" అని పంపివేస్తే, రేపు ఏ సాఫ్ట్‌వేరూ మనకు విడి పట్టిక ఇవ్వలేదు. సేకరించని వివరాన్ని విడదీయడం ఎవరి తరమూ కాదు. కనుక కుల ధ్రువపత్రంలో ఏ పేరు ఉన్నదో, అదే పేరు ఇంటిల్లిపాదీ చెప్పాలని ప్రతి కుటుంబానికీ ఇప్పటినుండే తెలియజేయండి. మన మొహల్లా సర్వే అందుకు మంచి అభ్యాసం అవుతుంది. రేపటి ప్రభుత్వ లెక్క మన లెక్కకు దూరంగా ఉంటే ప్రశ్నించడానికి ఆధారమూ అవుతుంది.

ప్రతి మొహల్లా నుండి డిగ్రీ చదువుతున్న ఇద్దరిని ఎంపిక చేయండి, వారిలో ఒకరు అమ్మాయి అయితే మరీ మంచిది. రెండు ఆదివారాలు కూర్చుంటే ఈ పని వారికి వచ్చేస్తుంది. మిగిలిన మనం చేయవలసినదల్లా, వారు తెచ్చిన పట్టికలో మనకు నచ్చని అంకె కనిపించినా దానిని దిద్దమని ఒత్తిడి చేయకుండా ఉండడం.