గాజుతొట్టిలో నిదానము



ముప్పదియైదేండ్లు బాలురచేత శబ్దములను వల్లె వేయించినవాడను, నేడు చేపల జబ్బును గూర్చి ప్రసంగింప వచ్చితిని. వినువారికి నవ్వు రావచ్చును. కాని ఈ ప్రసంగమునకు మూలము కూడ ఒక శబ్దమే. 'నిదానము' అను మాటకు వైద్యశాస్త్రమున రోగకారణమనియు, దానిని నిర్ణయించుట యనియు అర్థము. మన తెలుగు వాడుకలో నిదానమనగా తొందరపడకుండుట. ఈ రెండర్థములు ఒకదానినొకటి విడిచి యుండరాదని నాకు బోధించినది గురువు కాదు, గ్రంథము కాదు; ఒక చేప.

మాది అలియాబాదు. శామీర్‌పేట చెఱువు మాకు దూరము కాదు. కొన్నియేండ్ల క్రిందట నా మనుమడు పైచదువునకు పోవుచు తన గాజుతొట్టిని నాకప్పగించెను. అందు రెండు ఆస్కారు చేపలుండెను. నల్లని మేనిపై నిప్పుకణికలవంటి మచ్చలు గల చేపలవి. "తాతా, వీనికి నీ ముఖము తెలియును. నీవు గదిలోనికి రాగానే ముందుకు వచ్చును. జాగ్రత్తగా చూడుము" అని చెప్పి పోయెను.

ఆస్కారు జన్మస్థానము దక్షిణ అమెరికాలోని అమెజాను నదీప్రాంతము. ఇది సిక్లిడ్ అను గొప్ప కుటుంబములోనిది. ఆఫ్రికాలోని మలావీ సరస్సు ఒక్కదానియందే ఈ కుటుంబపు జాతులు కొన్ని వందలు కలవు. మన దేశమునకు సహజమైనవి మూడే. వానిలో నొకటైన కరిమీను 2010లో కేరళకు రాష్ట్రమత్స్యమైనది. మన చెఱువులలో దొరకు తిలాపియా 1952లో మన దేశమునకు తేబడిన ఆఫ్రికాజాతి. అదృష్టము తెచ్చునని హైదరాబాదులో పలువురు తమ యిండ్లలోను దుకాణములలోను ఉంచుకొను ఫ్లవర్‌హార్ను మలేషియాలో 1990ల కాలమున సంకరమువలన పుట్టించినది. ఇవన్నియు జ్ఞాతులే. ఇపుడు చెప్పబోవు వ్యాధి ఈ కుటుంబమును తఱచుగా పట్టును.

ఇక నా తప్పును చెప్పవలెను. నాకు శుచియందు పట్టుదల మెండు. ఫిల్టరులోని స్పాంజి గోధుమవన్నెగా జిడ్డుపట్టి కనబడగా నాకు రోత పుట్టినది. దానిని కుళాయిక్రింద పెట్టి తెల్లబడువఱకు పిండి ఉతికితిని. తొట్టి అద్దమువలె మెఱసెను. నేనును సంతసించితిని. కొన్నిదినములకే చిన్నచేప మేత మానినది. దాని వన్నె నల్లబడినది. మలము తెల్లని దారమువలె వ్రేలాడెను. తలపై చిన్నగుంటలు కనబడెను. నేను మొదట ఉప్పు వేసితిని. మఱునాడు నీలిమందు పోసితిని. ఆ పై నాడు ఇంకొక సీసా తెచ్చితిని. ఎనిమిదవనాటి ఉదయమున అది వెల్లకిల తేలియుండెను.

వారము తిరుగకముందే పెద్దచేపకు అవే చిహ్నములు. అప్పుడు చేపల వైద్యమెఱిగిన పశువైద్యులొకరిని ఆశ్రయించితిని. ఆయన మందు పేరెత్తలేదు. "నీటిని పరీక్షించితిరా? స్పాంజిని ఎప్పుడు, ఏ నీట కడిగితిరి?" అని అడిగిరి. నేను తెల్లబోయితిని. నీటిలో అమ్మోనియా మెండుగా నుండెను. చేప విడిచిన మలమును సూక్ష్మదర్శినిలో చూడగా కొరడాలవంటి పోగులతో కదలు జీవులు గుంపులుగా కనబడెను.

ఈ జీవిని పూర్వము హెక్సామిటా అనెడివారు. దీనిని పోలిన స్పైరోన్యూక్లియస్ వోర్టెన్స్ అను జాతిని 1995లో ఏంజెలు చేపలయందు గుర్తించి నామకరణము చేసిరి. పరిమాణము ఇంచుమించు మిల్లీమీటరులో నూఱవవంతు. కొరడాపోగులు ఎనిమిది. ప్రేగులలో నుండి, ఒకటి రెండుగా చీలి వృద్ధిపొందును. ముఖ్యమైన సంగతి యిది: ఆరోగ్యముగా నున్న చేపలలోను ఇది కొలదిగా నుండవచ్చును. చేపకు బలమున్నంతకాలము అడగియుండును. బలము తగ్గినప్పుడు పెచ్చుపెరుగును. కనుక నా చేపను చంపినది ఆ జీవి యొక్కటియే యనుట సత్యము కాదు. దానికి తలుపు తీసినవాడను నేను.

ఎట్లనగా, చేప తన మొప్పలనుండి అమ్మోనియాను విడుచును. మిగిలిన మేత క్రుళ్లినను అదియే పుట్టును. నేను రోసిన ఆ గోధుమజిడ్డునందు మేలుచేయు సూక్ష్మజీవులుండును. అవి అమ్మోనియాను నైట్రైటుగను, నైట్రైటును అంతకంటె హాని తక్కువైన నైట్రేటుగను మార్చును. క్రొత్త తొట్టిలో ఇవి నెలకొనుటకు నాలుగు నుండి ఆఱు వారములు పట్టును. కుళాయినీటిలోని క్లోరిను, నా ఉతుకుడు కలిసి వానిని ఒక్క గడియలో రూపుమాపినవి.

మా చెఱువునకు తూము కలదు, అలుగు కలదు. వానకు క్రొత్తనీరు చేరును. నిండినచో అలుగు పాఱును. గాజుతొట్టికి తూమును లేదు, అలుగును లేదు. యజమాని చేతి బకెట్టే దానికి రెండును. ఇది మఱచి ఎన్ని మందులు పోసినను అవి కట్టిన నీటిలో మఱింత మురికియే యగును.

ఇక చికిత్సాక్రమము. మొదట నీటిని పరీక్షింపవలెను. అమ్మోనియా, నైట్రైటు సున్నగా నుండవలెను. లేనిచో దినమునకు మూడవవంతు నీటిని, క్లోరిను పోగొట్టి, వేడిమి సమముగా నుండునట్లు చూచి మార్చవలెను. రెండవది, రోగమును నిర్ధారింపవలెను. తెల్లని మలము వట్టికడుపువలనను వచ్చును. ఆస్కారు తలపై సూదిమొనవంటి సహజరంధ్రములుండును. తలగుంటలకు పోషకలోపము, చెడిన నీరు కూడ తోడగునని చెప్పుదురు. కనుక ఒక్క చిహ్నమును చూచి తీర్పు చెప్పరాదు.

మూడవది ఔషధము. దాని పేరు మెట్రోనిడజోలు. 1960 ప్రాంతమున వాడుకలోనికి వచ్చి, అమీబావలన కలుగు జిగటవిరేచనములకు మనుష్యులకును ఇచ్చుచున్న మందే. చేప మేత తినుచున్నచో మందును మేతలో కలిపి యిచ్చుట మేలు. రోగము ప్రేగులలో నున్నది గదా! తిననిచో నలువది లీటర్ల నీటికి ఇంచుమించు 250 మిల్లీగ్రాములు, ప్రతిదినము కొంత నీరు మార్చిన పిమ్మట, ఐదుదినములు వేయుట వాడుక. మోతాదును వైద్యునిచేత నిర్ణయింపజేసికొనుడు. ఫిల్టరులో బొగ్గున్నచో తీసివేయవలెను. అది మందును పీల్చివేయును. తినుటకు పెంచు చేపలకు ఈ మందు మన దేశమున నిషిద్ధము, ఎన్నడును వాడరాదు.

నాలుగవది పథ్యము. పశుమాంసపు ముక్కలు మాని, విటమినులు కలిసిన గుళికమేతను కొలదిగా పెట్టవలెను. వారమునకొకసారి నాలుగవవంతు నీరు మార్చవలెను. స్పాంజిని తొట్టినుండి తీసిన నీటిలోనే మెల్లగా పిండవలెను, తెల్లబఱచుటకు యత్నింపరాదు.

పెద్దచేప నాలుగవనాడు ఒక గుళికను నోటబట్టి ఉమిసెను. ఐదవనాడు మ్రింగెను. తలపై గుంటలు పూడుటకు నెలలు పట్టినవి. మచ్చలు ఇంకను కలవు.

దసరాకు మనుమడు వచ్చి తొట్టియెదుట నిలిచి, "తాతా, రెండవది ఏదీ?" అనెను. ముప్పదియైదేండ్లు పరులపుస్తకములలో తప్పులను ఎఱ్ఱసిరాతో గుర్తించినవాడను, నా తప్పును నా నోట చెప్పుకొంటిని. వాడు మాటాడలేదు. కొంతసేపటికి మూల నున్న బకెట్టును తెచ్చి, నీటిలో చేయిపెట్టి వేడిమి చూచి, "ఈ వారము నీరు మార్చితివా?" అని మాత్రము అడిగెను. మార్చలేదంటిని. ఇద్దరము కలిసి మార్చితిమి.

నా తరగతులలోను మందబుద్ధులని నేను దండించిన బాలురు కొందఱుండిరి. వారి నీటిని పరీక్షించితినా యని ఇప్పుడు తలచుకొనుచుందును. మీ యింట చేప మేత మానినచో, శ్రోతలారా, మందుసీసాకై చేయి చాచుటకు ముందు బకెట్టును అందుకొనుడు. నిదానము తెలియవలెనన్న నిదానము కావలెను.