మనది ఏ జిల్లా?

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసపు పాఠము)



రజతోత్సవ సభలలో గ్రంథాలయముల మహిమను గూర్చి మాటలాడుట వాడుక. ఆ పనిని నాకంటె చక్కగా చేయగల పెద్దలు ఈ వేదికపై నున్నారు. కార్యదర్శిగారు నాకు వేరొక పని యొప్పగించిరి. "మన దూలపల్లివారు తమ ఊరిని గూర్చియు, జిల్లాను గూర్చియు, ఇచ్చటి రాజకీయములను గూర్చియు ఏమనుకొనుచున్నారో విని వచ్చి చెప్పుడు" అనిరి. ఇరువది దినములు ఇంటింటికి తిరిగితిని. తిరుగుటకు ముందు ఈ గ్రంథాలయపు సభ్యుల రిజిష్టరును ఇంటికి గొనిపోయి మొదటి పుట నుండి చదివితిని. నేడు చెప్పబోవు సంగతులలో సగము ఆ రిజిష్టరులోని చిరునామా గడిలోనే దొరకినవి.

మొదటి పుటలలో ఆ గడి యెంతో నిశ్చింతగా నున్నది. మొదటి సభ్యుని యెదుట "దూలపల్లి గ్రామము, కుత్బుల్లాపురము మండలము, రంగారెడ్డి జిల్లా" యని పూర్తిగా వ్రాసి, ఆ క్రింద పుట చివర వరకు "పైదే, పైదే" యని గుర్తులు పెట్టుచు పోయిరి. ఎవరు వచ్చినను అదే ఊరు, అదే మండలము, అదే జిల్లా. 2016 దాటిన తరువాత "పైదే" యనుట తగ్గినది. ఒకరు మేడ్చల్ మల్కాజిగిరి జిల్లా యని వ్రాసిన, మరుసటి వరుసలో వేరొకరు రంగారెడ్డి జిల్లా యని వ్రాసిరి. ఇద్దరును ఒకే గోడకు ఇరుప్రక్కల నుండువారు. ఈ నాలుగైదేండ్ల పుటలలోనైతే ఫ్లాటు నెంబరు, బ్లాకు అక్షరము, అపార్టుమెంటు పేరు, కొంపల్లి, హైదరాబాదు. దూలపల్లి మాటయే లేదు.

మన ఊరి నడుమ కూర్చుండి మన ఊరి పుస్తకములు చదువుకొనుచు మన ఊరి పేరు వ్రాయరేమని మొదట నాకు కోపము వచ్చినది. ఒక అపార్టుమెంటు గృహిణి నా కోపమును చల్లార్చినది. "అయ్యా, దూలపల్లి అని వ్రాస్తే సామాను తెచ్చే పిల్లవాడు మూడుసార్లు ఫోను చేస్తాడు. కొంపల్లి అంటే ఒక్కసారే చేస్తాడు" అని ఆమె చెప్పినది. ఆమె మాటలో తప్పేమియు లేదు. తపాలావారును మనలను ఏనాడో 500100 అను అంకె క్రింద హైదరాబాదులో చేర్చివేసిరి.

నిజమునకు జిల్లా పేరు విషయములో మనకు స్థిరత్వమెన్నడు నుండినది గనుక! నిజాము కాలమున ఈ ప్రాంతము అత్రాఫె బల్దా జిల్లా. ఆ మాటకు "నగరపు చుట్టుపట్టులు" అని యర్థము. అనగా ఆనాడే మనకు సొంత పేరు లేదు. పట్నము చుట్టునున్నది గాన చుట్టుపట్టులన్నారు. అది సర్ఫెఖాసు భూమి, ప్రభువు సొంత ఖర్చునకు ఏర్పడిన ఇలాకా. 1948లో పోలీసు చర్య జరిగి, 1949లో సర్ఫెఖాసు రాజ్యములో కలిసిపోయిన పిమ్మట హైదరాబాదు జిల్లావారమైతిమి. 1978 ఆగష్టు 15న ఆ జిల్లాను చీల్చి, నగరమును విడిగా నుంచి, చుట్టునున్న గ్రామములతో కొండా వెంకట రంగారెడ్డిగారి పేర జిల్లా నేర్పరచిరి. పటములో ఆ జిల్లా నడుమ చిల్లుగల గారెవలె నుండెడిది. చిల్లు హైదరాబాదు. వింత యేమనగా జిల్లా కచేరి ఆ చిల్లులోనే, లకడీకాపూల్ దగ్గర నుండెడిది. మన జిల్లా కలెక్టరును చూచుటకు మన జిల్లా దాటి పోవలసి వచ్చెడిది. ఒక వృద్ధుడు నాతో ననెను: "నలుబై ఏండ్లు గా కచేరీకే తిరిగిన బిడ్డా. పొయ్యేటప్పుడు రంగారెడ్డి, దిగినంక హైదరాబాదు. మనదేదో నాకే సమజు కాలే."

2016 అక్టోబరు 11, విజయదశమి నాడు తెలంగాణములోని 10 జిల్లాలు 31 అయ్యెను. రంగారెడ్డి జిల్లా మూడు ముక్కలై, మనము మేడ్చల్ మల్కాజిగిరిలోనికి వచ్చితిమి. కచేరి మొదట కీసరలో నుండి, 2022 ఆగష్టు 17 నుండి శామీర్‌పేట వద్ద సొంత భవనములో నున్నది. ఇప్పుడు కచేరి మన జిల్లాలోనే యున్నది, దారియు తగ్గినది. ఇది మేలే. నేను కలిసినవారిలో కొత్త జిల్లాను నిందించినవారు గూడ ఈ మేలును కాదనలేదు.

మరి ఎనుబదేండ్లు దాటినవారు ఇప్పటికిని "మాది రంగారెడ్డి జిల్లా" అనుట ఎందులకు? అలవాటని కొందరందురు. అలవాటు మాత్రమే కాదని నా యభిప్రాయము. రంగారెడ్డిగారు ఈ చుట్టుపట్టుల నేలలో, మొయినాబాదు దగ్గరి పెద్దమంగళారములో పుట్టిన మనిషి. 1936లో షాద్‌నగరు ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించెను. 1956 ఫిబ్రవరిలో తెలంగాణ ప్రజలకు ఉద్యోగములలోను, నిధులలోను రక్షణలు కోరుచు జరిగిన పెద్దమనుషుల ఒప్పందముపై సంతకము చేసినవారిలో ఒకడు. "చుట్టుపట్టులు" అని పిలువబడిన ప్రజలకు మొదటిసారి ఒక మనిషి పేరు దొరకినది. ఆ పేరు పోయి రెండు ఊళ్ల పేర్లు కలిపిన జిల్లా వచ్చినది. ఆ రెంటిలో నొకటైన మల్కాజిగిరి మనకు రైలు స్టేషనుగా తప్ప తెలియదని ఒక పెద్దాయన నవ్వుచు చెప్పెను.

యువకులకు ఈ ముచ్చట పట్టదు. వారికి జిల్లా యనగా ఉద్యోగము. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తరువు ప్రకారము ఒకటవ తరగతి నుండి ఏడవ తరగతి వరకు గల ఏడేండ్లలో కనీసము నాలుగేండ్లు ఎచ్చట చదివిన అచ్చట స్థానికుడు. జిల్లా స్థాయి కొలువులలో నూటికి 95 స్థానికులకే. ఇప్పుడు మన ఊరిలోని రెండిండ్ల సంగతి వినుడు. ఒక యింటివారు ఆరు తరములుగా ఇచ్చటివారు. వారి కుమారుడు చిన్ననాడు నేటి రంగారెడ్డి జిల్లాలోని ఒక ఊరి హాస్టలులో నుండి చదివెను. అప్పుడది మన జిల్లాయే. నేడతడు చట్టము దృష్టిలో రంగారెడ్డి జిల్లా స్థానికుడు, పుట్టిన ఊరిలో పరాయివాడు. రెండవ యింటివారు శ్రీకాకుళము జిల్లా నుండి వచ్చి జీడిమెట్ల ఫ్యాక్టరీలో పనిచేయుచు అద్దె గదిలో నుండువారు. తండ్రి ఓటు ఇప్పటికిని స్వగ్రామములోనే వేసి వచ్చును. అతని కుమార్తె మన బడిలో చదివినది గనుక ఆమె యిచ్చటి స్థానికురాలు. అడిగితే ఆ పిల్ల "మాది దూలపల్లి" అని తడుముకొనక చెప్పినది. ఈ యేడు మన గ్రంథాలయములో అందరికంటె నెక్కువ పుస్తకములు తీసికొన్నదియు ఆమెయే. రిజిష్టరులో చిరునామా గూడ పూర్తిగా వ్రాసినది.

ముల్కీ తగవు నాటి నుండి మన తెలంగాణ రాజకీయమంతయు "స్థానికుడెవడు" అను ప్రశ్న చుట్టునే తిరిగినది. 1969లో విద్యార్థులు తూటాలకు ఎదురు నిలిచినదియు, 2014 జూన్ 2న రాష్ట్రము వచ్చినదియు ఆ ప్రశ్న వలననే. ఆ ప్రశ్న ఇంత చిన్న ఊరిలో, రెండిండ్ల నడుమ, ఇట్లు తలక్రిందులై కనబడునని నేననుకొనలేదు.

ఇక ఊరి పాలన సంగతి. జిల్లా పేరును గూర్చి మాటలాడునపుడు జనులు నవ్విరి. ఈ సంగతి వచ్చినపుడు ఎవరును నవ్వలేదు.

2018 ఆగష్టు వరకు మనది గ్రామ పంచాయతి. అప్పుడు కొంపల్లితో కలిపి పురపాలక సంఘము చేసిరి. 2020 జనవరిలో ఎన్నికలు జరిగి కౌన్సిలర్లు వచ్చిరి. 2025 జనవరిలో వారి గడువు తీరినది. మరల ఎన్నికలు లేవు. అధికారి పాలన వచ్చినది. 2025 డిసెంబరు ఆరంభమున కొంపల్లితో కూడ 27 పుర, నగర పాలక సంస్థలను హైదరాబాదు మహానగర పాలక సంస్థలో విలీనము చేసిరి. ఏడేండ్లలో సర్పంచి పోయి కౌన్సిలరు, కౌన్సిలరు పోయి అధికారి, ఆ పిమ్మట మహానగరము. అదే డిసెంబరులో రాష్ట్రమందు 12 వేలకు పైగా గ్రామములలో మూడు విడతలుగా పంచాయతీ ఎన్నికలు జరిగెను. మన జిల్లాలో ఒక్కచోట గూడ జరుగలేదు, ఏలయన జిల్లా మొత్తములో ఒక్క గ్రామ పంచాయతియు మిగులలేదు. జిల్లా పరిషత్తును లేదు. గ్రామ గ్రంథాలయమని బోర్డు కట్టుకొని రజతోత్సవము జరుపుకొనుచున్న మనము చట్టము ప్రకారము గ్రామములో లేము.

పాత పంచాయతి స్వర్ణయుగమని చెప్పుటకు నేను రాలేదు. అట్లు చెప్పబోయిన నన్ను మాలవాడ అవతలి యింటి పెద్దమ్మ యొకతె అక్కడనే ఆపినది. "గ్రామసభల మేము నిలబడి విన్నోళ్లం సారూ. కూసున్నోళ్లు వేరే ఉండిరి" అన్నది. మహిళలకు రిజర్వేషను వచ్చిన తరువాత గూడ భార్య సంతకము చేయగా భర్త మాటలాడుట మనమందరమును చూచినదే. భూమి ధర పెరిగినకొలది రాజకీయమనగా గజముల లెక్కయై పోయినది; ఆ పాపము పట్నము నుండి మాత్రమే రాలేదు, మన చావిళ్లలోనే మొలచినది. పొలమును ప్లాట్లు చేసి అమ్మినవారు మనవారే. అడవి పరిశోధన సంస్థయు, అటవీ అకాడమీయు, రిజర్వు అడవియు నుండుటచే ఆ ప్రక్క నేల మిగిలినది; మన చేతులలో నుండిన అదియు మిగిలెడిది కాదేమో.

అయినను ఆ పెద్దమ్మయే మరల నన్నది: "నిలబడి అయినా ఒక్క మాట అనేటోళ్లం. గిప్పుడు ఎవరి ముంగట నిలబడాలె?" ఈ ఇరువది దినములలో విన్న మాటలన్నిటిలో నాకు నిద్ర పట్టనీయనిది ఈ ప్రశ్న.

ఇది ఊరక పుట్టిన దిగులు కాదు. 2020 అక్టోబరు వానలకు మన దగ్గరి ఫాక్స్ సాగరు నిండి, ఉమామహేశ్వర కాలనీ యిండ్లు చాల దినములు నీటిలో నుండెను. చెరువు శిఖమెంత, కాలువ యెటుపోవునని పాత పటేలు కాలపు మనిషి నడిగిన చేతి కర్రతో గీచి చూపును. ఆ గీత నే కాగితముపై నెక్కించువారు, ఏ సభలో చదువువారు? 2018 పంచాయతీ చట్టము రెండు నెలల కొకమారు గ్రామసభ జరుగవలెనన్నది. ఆ చట్టము వచ్చిన యేటనే మన పంచాయతి పోయినది. 2019 పురపాలక చట్టము ప్రతి వార్డునకు యువకులు, స్త్రీలు, వృద్ధులు, ప్రముఖులు అని నాలుగు కమిటీలు, ఒక్కొక్కదానిలో 15 మంది యుండవలెనన్నది. నేను పోయిన యిండ్లలో అట్టి కమిటీ యొకటి యుండవలెనని విన్నవారే అరుదు. మన లోకసభ నియోజకవర్గము మల్కాజిగిరిలో ఓటర్లు 30 లక్షలకు పైగా నున్నారు; దేశములోనే మిక్కిలి పెద్ద నియోజకవర్గములలో నొకటి. అంతమందిలో దూలపల్లి గొంతు ఎంత?

విలీనము మంచిదనువారి మాటయు చెప్పవలెను. వారు తక్కువ మంది కారు. డ్రైనేజీ వచ్చును, రోడ్లు వచ్చును, వీధికుక్కల బెడదకు ఫోను చేయుటకు ఒక నెంబరుండును అని అపార్టుమెంటులవారు చెప్పిరి. "పంచాయతి కాలమున నేను కొత్తవాడను, నన్నెవరు పిలిచిరి?" అని ఒక ఉద్యోగి నన్నే నిలదీసెను. నాకు జవాబు తోచలేదు. అతడు పదునొకండేండ్లుగా ఇచ్చట నున్నాడు. ఈ సభ కార్డు గూడ అతనికి అందలేదని నిన్ననే తెలిసినది.

ఇప్పుడు కార్యవర్గమువారి యెదుట నున్న చిన్న తగవును గూర్చి రెండు మాటలు. గ్రంథాలయపు గుండ్రని రబ్బరు ముద్రలో ఇప్పటికిని "రంగారెడ్డి జిల్లా" యనియే యున్నది. కొత్త ముద్ర చేయించవలెనని అందరును అంగీకరించిరి. అందులో ఏమి చెక్కించవలెనో తేలలేదు. మేడ్చల్ మల్కాజిగిరి యని కొందరు, హైదరాబాదు మహానగరమని కొందరు, పాతదే యుంచుడని కొందరు. నా సలహా అడిగిరి గాన చెప్పుచున్నాను: పాత పుస్తకములపై పాత ముద్ర అట్లే యుండనిండు. కొత్తదానిలో "గ్రంథాలయము, దూలపల్లి" అని మాత్రమే చెక్కించుడు. జిల్లా గడి ఖాళీగా నుండనిండు. మనము చూచుచుండగనే అది మూడుమార్లు మారినది.

రెండవది ముద్ర కంటె పెద్ద పని. ఈ హాలు నెల కొక ఆదివారము సాయంత్రము ఖాళీగానే యుండును. ఆనాడు ఊరివారు కూర్చుండి చెరువును గూర్చి, కాలువను గూర్చి, శ్మశానమును గూర్చి, పన్నును గూర్చి మాటలాడుకొనవచ్చును. అది గ్రామసభ కాదు. దానికి చట్టబలము లేదు. కాని మాటలాడినది వ్రాసి పెట్టిన, రేపు ఎన్నికైన వాడెవడైనను, ఏ డివిజను వాడైనను, ఆ కాగితము ముందు కూర్చుండవలసి వచ్చును. అందరికిని కుర్చీలుండవలెను, నిలబడి వినువారు ఉండరాదు. అద్దె యిండ్లవారికి, అపార్టుమెంటులవారికి కబురు మొదట పోవలెను. శ్రీకాకుళపు పిల్లను మినిట్సు వ్రాయుటకు పెట్టుడు, దస్తూరి బాగున్నది.

ఇందుకొరకు నూరు పేజీల గీతల పుస్తకము నొకటి కొని తెచ్చితిని. అట్టపై ఊరి పేరు మాత్రము వ్రాసితిని. అధ్యక్షులవారి బల్లపై నున్నది. వచ్చే నెల మొదటి ఆదివారము, అయిదు గంటలకు.