పేరు ఎవరిది, పని ఎవరిది?

(సూరత్‌లో మన తెలుగు సిబ్బంది కుటుంబాల ఆగస్టు సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సూరత్‌లో ఉండే తెలుగువాళ్లకి ఆగస్టు చివరి రోజులు రెండు పండగలు తెస్తాయి. 24న కవి నర్మద్ పుట్టినరోజు. గుజరాతీలు దాన్ని తమ భాషా దినంగా జరుపుకుంటారు. 29న గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు, మన తెలుగు భాషా దినోత్సవం. నర్మద్ 1833లో ఈ ఊళ్లోనే పుట్టారు. గిడుగు వారు ఆ తర్వాత 30 ఏళ్లకి, 1863లో. కార్యదర్శి గారు నన్ను "భాష గురించి ఏదైనా" మాట్లాడమన్నారు. నేను భాషకి పక్కింటి విషయం ఒకటి ఎంచుకున్నాను. ఒక రచన మీద పేరు ఎవరిది ఉండాలి? ఆ పేరుకి విలువ ఎవరు, ఎలా కడతారు?

గోపీపురా వైపు వెళితే నర్మద్ ఇల్లు చూడొచ్చు. ఆయన చేసిన పెద్ద పనుల్లో ఒకటి గుజరాతీ మాటలకి గుజరాతీలోనే అర్థాలు చెప్పే నిఘంటువు. 1873లో పూర్తిగా అచ్చయింది. సుమారు 25,000 మాటలు. ఏళ్ల తరబడి దాదాపు ఒంటిచేత్తో చేశారు. దాని పేరు 'నర్మకోశ్'. చేసినవాడు పుస్తకం పేరులోనే ఉన్నాడు. ఇప్పుడు మన పెద్ద నిఘంటువు పేరు గుర్తు చేసుకోండి, 'సూర్యరాయాంధ్ర నిఘంటువు'. సూర్యరాయుడంటే పిఠాపురం మహారాజా. డబ్బు ఆయనది. ఆ డబ్బు లేకపోతే ఆ పుస్తకం లేదు, ఒప్పుకుందాం. కానీ ఏళ్లకేళ్లు కూర్చుని మాటలు ఏరి, అర్థాలు రాసినవాళ్లు ఆంధ్ర సాహిత్య పరిషత్తు పండితులు. జయంతి రామయ్య పంతులు గారి పేరు కొందరికి తెలిసి ఉంటుంది. మిగతావాళ్లలో ఒక్కరి పేరు ఈ హాల్లో ఎవరైనా చెప్పగలరా? ఇల్లు కట్టిన మేస్త్రీ పేరు ఎక్కడా లేకుండా, హోమ్‌లోన్ ఇచ్చిన బ్యాంకు పేరు గుమ్మం మీద రాసినట్టుంది. మనకి బాగానే ఉంటుంది లెండి!

గిడుగు వారి సవర నిఘంటువు సంగతి ఇంకో రకం. దాని మీద ఆయన పేరుంది, ఉండాల్సిందే. అంత కష్టం ఇంకెవరు పడ్డారు? కానీ అందులోని ప్రతి మాటా ఏదో ఒక సవర మనిషి నోటి నుంచి వచ్చింది.

మన పాతవాళ్లు పేరుని వేరే విధంగా చూశారు. భారతం తెనిగించడం 11వ శతాబ్దంలో నన్నయ గారు మొదలుపెట్టారు. అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయింది. 13వ శతాబ్దంలో తిక్కన గారు ఆ ముక్క వదిలేసి విరాటపర్వం నుంచి చివరిదాకా రాశారు. మిగిలిన భాగాన్ని 14వ శతాబ్దంలో ఎర్రన గారు పూరించారు. ఆయన ఉన్నది అద్దంకి రెడ్ల కొలువులో. ఆ భాగాన్ని తన ప్రభువు ప్రోలయ వేమారెడ్డికి అంకితమిస్తే కాదనేవాళ్లు లేరు. ఇవ్వలేదు. నన్నయే రాస్తున్నట్టుగా, ఎప్పుడో కాలం చేసిన రాజరాజనరేంద్రుడి పేరు మీదే పూర్తి చేశారు. ఈ కాలపు బయోడేటాలో ఆ పనిని ఏ గడిలో రాస్తారో నాకు తోచదు.

తిరుపతి వేంకట కవులు మనకి ఇంకా దగ్గరివాళ్లు. దివాకర్ల తిరుపతి శాస్త్రి గారు, చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి గారు ఇద్దరూ కలిసి అవధానాలు చేశారు, కలిసి రాశారు. ఏ పద్యం ఎవరిదని అడిగితే చెప్పే అలవాటు వాళ్లకి లేదు. తిరుపతి శాస్త్రి గారు 1920లో పోయారు. వేంకట శాస్త్రి గారు ఇంకో 30 ఏళ్లు బతికారు. ఆ తర్వాత తానొక్కరే రాసినవి కూడా జంట పేరుతోనే వెలువరించారు. పక్కన మనిషి లేకపోయినా పేరులో సగం ఆయనకే ఉంచారు.

ఇప్పుడు యూజీసీ వారి 2018 నిబంధనల దగ్గరికి రండి. అధ్యాపకుల ప్రమోషన్ల లెక్క అది. ఒక పరిశోధన పత్రాన్ని ఇద్దరు రాస్తే ఒక్కొక్కరికి 70 శాతం మార్కులు. అంటే మొత్తం 140 శాతం! ఇలాంటి వడ్డీ మన దగ్గర ఏ డిపాజిట్ మీదా రాదు. ఇద్దరికంటే ఎక్కువమంది ఉంటే ప్రధాన రచయితకి 70, మిగతావాళ్లకి తలా 30. తిరుపతి వేంకట కవులకి చెరో 70 వచ్చేది. ఎర్రన గారికి సున్నా, పత్రం మీద ఆయన పేరే లేదు కదా.

మరి ప్రధాన రచయిత ఎవరు? అది శాస్త్రాన్ని బట్టి మారుతుంది. జీవశాస్త్రాల్లో మొదటి పేరు పని చేసినవాళ్లది, చివరి పేరు ప్రయోగశాల పెద్దది. గణితంలో, ఆర్థికశాస్త్రంలో చాలావరకు అక్షర క్రమం, అక్కడ వరుసకి అర్థమే లేదు. 2015లో హిగ్స్ కణం బరువు మీద ఒక పత్రం వచ్చింది. రచయితలు 5,154 మంది. 33 పేజీల్లో అసలు విషయం 9 పేజీలు, మిగిలిన 24 పేజీలూ పేర్లూ సంస్థలే. పిల్లల కోసం ఇంకోటి చెబుతాను. 1975లో హెదరింగ్‌టన్ అనే అమెరికా శాస్త్రవేత్త తానొక్కడే రాసిన పత్రంలో అంతటా "మేము" అని టైపు చేశాడు. ఒక్కడే రాసి "మేము" అంటే పత్రిక ఒప్పుకోదని స్నేహితుడు హెచ్చరించాడు. మళ్లీ టైపు కొట్టే ఓపిక లేక రెండో రచయితగా తన పిల్లిని చేర్చాడు. ఎఫ్.డి.సి. విలార్డ్ అనే పేరుతో ఆ పిల్లి శాస్త్ర పత్రికకెక్కింది.

నవ్వుకోవచ్చు గానీ, ఈ వరుసల మీద జీవితాలు నడుస్తున్నాయి. హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త 2005లో హెచ్-ఇండెక్స్ అనే కొలత పెట్టాడు. మీ పత్రాల్లో పదింటిని కనీసం పదిసార్ల చొప్పున ఇతరులు ఉదహరిస్తే మీ అంకె 10. చూడ్డానికి శుభ్రంగా ఉంది. కానీ ఒంటరిగా రాసినవాడికీ, 5,154 మందిలో ఒకడికీ ఆ పత్రం ఒకేలా లెక్కకి వస్తుంది.

మా అమ్మాయి రసాయనశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తోంది. ఎక్కడన్నది వద్దు. రెండేళ్లు కొలతలు తీసింది. పత్రం తయారయ్యాక చూస్తే తన పేరు మూడోది. రెండో పేరు ఆ గదిలోకి ఎప్పుడూ రాని మనిషిది. "నాన్నా, అడగనా?" అంది. నేను వెంటనే జవాబు చెప్పలేదు. గైడ్‌తో పేచీ పెట్టుకుంటే థీసిస్ ఏమవుతుందో తండ్రిగా నా భయం నాది. చివరికి తనే అడిగింది. పోట్లాడలేదు. పత్రం చివర ఎవరెవరు ఏ పని చేశారో వివరం రాయమంది. ఇప్పుడు చాలా పత్రికల్లో ఆ పద్ధతి ఉంది. ఆలోచన ఎవరిది, ప్రయోగం ఎవరిది, లెక్కలు ఎవరివి, రాత ఎవరిది అని 14 రకాల పనులు విడదీసి పెట్టారు. వరుస మారలేదు. కానీ వివరం దగ్గర "ప్రయోగం, కొలతలు" అన్న చోట తన పేరొక్కటే అచ్చయింది. రెండో ఆయన పేరు పక్కన "పర్యవేక్షణ" అని ఉంది. మార్కుల లెక్కలో తనకి 30 శాతమే. దాని గురించి మా ఇంట్లో ఇంకా వాదన నడుస్తూనే ఉంది. వాళ్లమ్మ దృష్టిలో మేమిద్దరం తగ్గిపోయాం.

ఆ రోజుల్లోనే నాకు మన కౌంటర్ పద్ధతి గుర్తొచ్చింది. ఒక ఎంట్రీకి మేకర్ ఉంటాడు, చెకర్ ఉంటాడు. నోట్ పెట్టినవాళ్లు, సిఫార్సు చేసినవాళ్లు, మంజూరు చేసినవాళ్లు, ఎవరి సంతకం వారిది. ఆ సంతకం గౌరవం కోసం పెట్టింది కాదు. రేపు ఆడిట్‌లో తేడా వస్తే ఎవరిని అడగాలో తెలియడానికి. వైద్య పత్రికల సంపాదకుల సంఘం రచయితకి పెట్టిన నాలుగు షరతుల్లో చివరిది అచ్చం ఇదే. పనిలో ఏ భాగం మీద ప్రశ్న వచ్చినా జవాబు చెప్పే బాధ్యత తీసుకోవాలి. కంప్యూటర్ రాసిచ్చే యంత్రాలని రచయితలుగా ఒప్పుకోమని పెద్ద పత్రికలు 2023లో చెప్పింది కూడా అందుకే. యంత్రాన్ని పిలిచి సంజాయిషీ అడగలేం. హెచ్-ఇండెక్స్ దగ్గరా, 70–30 దగ్గరా నాకున్న అసంతృప్తి ఇదే. అవి వచ్చే వాటా కొలుస్తాయి, జవాబుదారీని కొలవవు.

ఇక చివరగా మన ఊరి చీర. లింబాయత్‌లో ఒక పెద్దాయన ఉన్నారు, సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన పద్మశాలి. ఒకప్పుడు గ్రాఫ్ కాగితం మీద డిజైన్ గీసి జకార్డ్ కార్డులు కొట్టించేవారు, ఇప్పుడు కంప్యూటర్ మీద గీస్తారు. మన కాపీరైట్ చట్టం 1957లో 15వ సెక్షన్ ఉంది. డిజైన్‌గా రిజిస్టర్ చేయించుకోగలిగీ చేయించుకోకపోతే, మిల్లులో 50 సార్లు మించి అచ్చు వేయగానే దాని మీద కాపీరైట్ పోతుంది. ఈ ఊళ్లో 50 చీరలంటే ఎంతసేపు? రిజిస్టర్ చేయిస్తే 10 ఏళ్లు, ఇంకో 5 పొడిగించుకోవచ్చు. కానీ డబ్బిచ్చి గీయించుకుంటే హక్కుదారు గీయించుకున్న సేఠ్. సినిమా పాట రాసినవాళ్లకి 2012 సవరణ తర్వాత రాయల్టీలో వాటా చట్టం కాపాడుతోంది. చీర మీద మామిడి పిందె గీసినవాడికి ఆ అదృష్టం లేదు. "మీ పేరు వేస్తే బాగుండదా?" అని అడిగాను. "పేరుతోని ఏం జేస్త సార్? ఖరాబయితే మాత్రం సేఠు నన్నే పిలుస్తడు" అన్నారు. తప్పొస్తే ఆయన పేరు అందరికీ గుర్తొస్తుందన్నమాట.

పిల్లలూ, వచ్చే నెల మీ గోడపత్రికకి వ్యాసాలు, బొమ్మలు తెస్తారు కదా. కింద రెండు లైన్లు ఖాళీ వదిలాం. అందులో ఎవరు రాశారు, ఎవరు గీశారు, అమ్మ ఎంత సాయం చేసింది, ఫోన్ ఎంత చేసింది రాయండి. మార్కులు తగ్గించం. కానీ బొమ్మ ముందు నిలబెట్టి రెండు ప్రశ్నలు అడుగుతాం, పేరు రాసినవాళ్లే చెప్పాలి.