ఏరు దాటిన సరుకు: కోనసీమ బతుకుతెరువు కథ



డొక్కా సీతమ్మగారి స్మృతిలో మాట్లాడమన్నప్పుడు మొదట వెనకాడాను. ఆవిడ దానగుణం గురించి నాకంటే బాగా చెప్పగల పెద్దలు ఈ సభలోనే ఉన్నారు. నాకు తెలిసినవి పొలం, కాలవ, ధర. అందుకని ఆ దారినే వస్తాను. లంకల గన్నవరంలో ఏరు దాటి వచ్చినవాళ్ళకీ, అంతర్వేది వెళ్ళే యాత్రికులకీ వేళాపాళా చూడకుండా ఆవిడ అన్నం పెట్టింది. ఆ బియ్యం ఎక్కడివి?

ఆవిడ పుట్టింది 1841లో, మండపేటలో. అప్పటికి గోదావరి సీమ బతికి ఉందంటే ఉంది, అంతే. 1832-33 నందన కరువు జనాన్ని ఊడ్చేసింది. 1839లో కోరంగి మీదికి ఉప్పెన వచ్చింది. 1821లో సుమారు 7 లక్షల 38 వేలున్న రాజమండ్రి జిల్లా జనాభా ఇరవై ఏళ్ళలో 5 లక్షల 61 వేలకు పడిపోయింది. పక్కనే అంత పెద్ద నది పారుతుండగా మనుషులు తిండిలేక వలసపోయారు. ఆర్థర్ కాటన్ ఈ లెక్కలు చూపించే ఆనకట్ట కావాలని వాదించాడు. 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలై 1852లో పూర్తయింది. ఆయన పక్కన నిలబడి కూలీలను కూడగట్టినవాడు వీణం వీరన్న. మన పిల్లలకు ఆ పేరు కూడా నేర్పాలి.

బొబ్బర్లంక లాకుల నుంచి దిగిన నీరు సెంట్రల్ డెల్టాను తడిపింది. గోదావరి పాయ వైనతేయ అడ్డం వస్తే గన్నవరం దగ్గర 49 కమానులతో అక్విడక్టు కట్టి, ఏటి మీదుగా నీటిని రాజోలు వైపు దాటించారు. ఇప్పుడున్న కొత్త అక్విడక్టుకు సీతమ్మగారి పేరే పెట్టుకున్నాం. ఆవిడ కాపరానికి వచ్చేనాటికి ఆ ఊళ్ళో గాదెలు నిండటం మొదలైంది. ఆ గాదెలు తెరవడానికి గొప్ప మనసు కావాలి, ఆవిడకుంది. గాదె నిండటానికి మాత్రం కాలవ కావాలి.

ఇక్కడ నాకు ముఖ్యమనిపించేది ఒకటుంది. సీతమ్మగారి ఇంట పండిన పంట ఏటికి ఈవలే, ఈ గడ్డ మీదే ఖర్చయింది. ఆ తర్వాత కోనసీమలో పండినవీ తవ్వినవీ చాలావరకు ఏరు దాటాకే ధర చూశాయి. నూట డెబ్భై ఏళ్ళ మన ఆర్థిక చరిత్రను నేను ఈ ఒక్క మాట చుట్టూనే చదువుతాను. సరుకు పచ్చిదిగా ఏరు దాటి పోతుంది. దాన్ని పండించడానికీ తవ్వడానికీ అయిన నష్టం మాత్రం ఇక్కడే ఉండిపోతుంది.

మొదటి సరుకు ధాన్యం. కాలవలు పొలాలకే కాదు, పడవలకు కూడా దారి. వాటి మీదే బస్తాలు కాకినాడ రేవుకు చేరాయి. వాటితోపాటు మనుషులూ వెళ్ళారు. పని కోసం రంగూను ఓడ ఎక్కినవారి కథలు మన తాతల ఇళ్ళలో ఉండేవి. పంట పెరిగినంత మాత్రాన కూలికి మిగల్లేదనడానికి అదే సాక్ష్యం.

కొబ్బరి దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే కోనసీమ అనగానే బయటివారికి గుర్తొచ్చేది అదే. చిన్నప్పుడు దింపు తీసేరోజు మా ఇంట్లో పండగలా ఉండేది. దింపువాడు మొవ్వులో కూర్చుని గెల కోస్తుంటే కింద మేం కాయల లెక్క పెట్టేవాళ్ళం. కానీ వెయ్యి కాయల ధర ఎంతో మాకు అంబాజీపేట మార్కెట్ చెప్పేది. అంబాజీపేటకు గుజరాత్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ వ్యాపారులు చెప్పేవారు. అక్కడ పండగలుంటే ధర లేచేది, లేకపోతే కాయలు రాశులుగా పడి మొలకలెత్తేవి. కురిడీ కట్టి నెలల తరబడి అటక మీద పెట్టగలిగినవాడికి నాలుగు రూపాయలు. అప్పున్నవాడు పచ్చికాయే అమ్ముకోవాలి. ఈనాటికీ తీరు పెద్దగా మారలేదు. డొక్క నుంచి పీచు తీసే యూనిట్లు వచ్చాయి, నూనె మిల్లులు కొన్ని ఉన్నాయి. అయినా మన కాయలో ఎక్కువ భాగం కాయగానే లారీ ఎక్కుతోంది.

1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపాను ఈ చెట్లను ఒక్క రాత్రిలో నేలకూల్చింది. రాష్ట్రంలో సుమారు వెయ్యిమంది ప్రాణాలు పోయాయి. కొబ్బరి మొక్క పెట్టినవాడు ఏళ్ళ తరబడి ఎదురుచూస్తేగానీ కాపు చూడడు. కాబట్టి ఆ రాత్రి పోయింది ఒక పంట కాదు, ఒక తరం పెట్టుబడి. కోలుకునేలోపు నల్లి వచ్చింది. 2016 తర్వాత తెల్లదోమ వచ్చింది. మోడులైన తోటలు అమ్మి రొయ్యల చెరువులకు ఇచ్చినవారిని నేను తప్పుపట్టలేను.

ఇక మురుగు సంగతి. ఆనకట్ట కట్టినవాళ్ళు నీరు వచ్చే దారి అద్భుతంగా చూశారు. పోయే దారి మీద శ్రద్ధ ఏనాడూ అంత లేదు. సముద్రమట్టానికి కాస్త ఎత్తులో ఉన్న ఈ నేలకు కౌశిక, శంకరగుప్తం లాంటి డ్రెయిన్లే ప్రాణం. వాటి మొగలు ఇసక మేటలు వేసి పూడిపోతే సార్వా చేలు వారాల తరబడి మునిగి కుళ్ళుతాయి. పోటు సమయంలో ఉప్పునీరు అదే డ్రెయిన్ గుండా వెనక్కి ఎగదన్నుతుంది. శంకరగుప్తం డ్రెయిన్ వెంట తలలు వాల్చిన కొబ్బరి తోటలు చూసినవాళ్ళకు నేను వేరే రుజువు చూపనక్కర్లేదు.

2011లో కోనసీమ రైతులు సార్వా వేయబోమన్నారు. వేల ఎకరాలు బీడుపెట్టారు. దేశమంతా ఆ క్రాప్ హాలిడే వైపు తిరిగి చూసింది. రాష్ట్ర ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. ఆ ఏడాది సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు 1,080 రూపాయలు. ఖర్చులు అంతకు మించాయన్నది రైతు మాట. ముంపు, కూలి, గోదాముల కొరత, సమయానికి రాని కాలవ నీరు అన్నీ అందులో ఉన్నాయి. 2022లో మళ్ళీ అదే మాట వినిపించింది. కాటన్ ఆనకట్ట కింద నీరున్నా నాటు వేయనని రైతు అన్నాడంటే దాన్ని బద్ధకంగా తీసేసినవాళ్ళు ఈ నేలను ఎరగరు. పైగా ఆ చేలల్లో పనిచేసేది ఎక్కువగా కౌలు రైతులు. నష్టం వాళ్ళది, పరిహారం పాసుపుస్తకం ఉన్నవాడిది.

ఇక తవ్విన సరుకు. ఈ నేల కింద గ్యాసుందని 1970ల చివర్లో తెలిసింది. నరసాపురం దగ్గర మొదలై రాజోలు, పాశర్లపూడి, మోరి, తాటిపాక దాకా ఓఎన్‌జీసీ బావులు తవ్వింది. 1987లో కనుగొన్న రవ్వ క్షేత్రం చమురు సురసానియానం తీరానికి వస్తోంది. ఓడలరేవు టెర్మినల్‌కు నడిసముద్రం నుంచి గ్యాసు వస్తోంది. అక్కడి 98/2 చమురు బ్లాకులో 2024 జనవరి 7న తొలి చమురు తీశారు. అంటే ఈ అధ్యాయం ముగియలేదు, ఇంకా నడుస్తోంది.

ఈ చమురు, గ్యాసులతో కోనసీమలో ఏం లేచింది? తాటిపాకలో ఏడాదికి 66 వేల టన్నుల చిన్న రిఫైనరీ ఒకటి. తక్కినదాంట్లో ఎక్కువ భాగం పైపుల్లో ఏరు దాటింది. విద్యుత్ కేంద్రాలు కొండపల్లిలో, జేగురుపాడులో. ఎరువుల ఫ్యాక్టరీ కాకినాడలో. అవి రావడం తప్పని నేను అనను. వాటివల్ల రాష్ట్రానికి వెలుగొచ్చింది, రైతుకు యూరియా వచ్చింది. ఇక్కడ మిగిలిన వాటా గురించే నా బాధ. 1995 జనవరి 8న పాశర్లపూడి బావి పేలి 65 రోజులు మండింది. ఊళ్ళు ఖాళీ చేయాల్సి వచ్చింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ పైపు పగిలి, పొయ్యి వెలిగించబోతే ఇళ్ళు, టీకొట్లు, చెట్లు కాలిపోయాయి. ఇరవైమందికి పైగా చనిపోయారు. పొడిగ్యాసు కోసం వేసిన గొట్టంలో నీరు కలిసిన గ్యాసు పంపడంతో అది లోపలినుంచి తినేసిందని విచారణలో తేలింది.

డబ్బు లెక్క కూడా వినండి. నేల మీది బావుల రాయల్టీ రాష్ట్రానికి, సముద్రంలోవాటిది కేంద్రానికి వెళుతుంది. బొగ్గు, ఇనుము తవ్వే జిల్లాలకు 2015 చట్ట సవరణతో జిల్లా ఖనిజ నిధి వచ్చింది. గనివాళ్ళు కట్టే సొమ్ములో కొంత ఆ జిల్లాలోనే తాగునీటికి, ఆస్పత్రులకు ఖర్చుపెట్టాలి. కానీ ఆ చట్టం కిందికి చమురు, గ్యాసు రావు. బొగ్గున్న జిల్లాకు దక్కిన హక్కు గ్యాసున్న కోనసీమకు దక్కలేదు. మన ప్రజాప్రతినిధులు ఢిల్లీలో అడగాల్సిన మొదటి మాట ఇదని నా నమ్మకం.

మన పక్కనే పాలకొల్లు, నరసాపురాల్లో ఒకనాడు కొట్లు పెట్టి వ్యాపారం చేసిన డచ్చివారి దేశమూ డెల్టాయే. అక్కడ గ్రోనింగెన్‌లో 1959లో పెద్ద గ్యాసు క్షేత్రం దొరికింది. దేశం సంపన్నమైంది. కానీ తక్కిన పరిశ్రమలు దెబ్బతిన్నాయి. ఆ జబ్బుకు ఆర్థికవేత్తలు ఆ దేశం పేరే పెట్టారు. తర్వాత నేల కుంగి, భూకంపాలు వచ్చి ఇళ్ళు బీటలువారాయి. చివరికి 2023లో ఉత్పత్తి ఆపి, మరుసటి ఏడాది చట్టం చేసి శాశ్వతంగా మూసేశారు. మన దగ్గర నేల కుంగుతోందా, ఎంత, దేనివల్ల అన్నది వాదప్రతివాదాల్లోనే ఉంది. వాదన తేలాలంటే కొలతలు కావాలి. ఆ కొలతలు ప్రతి ఏటా తీసి ఊళ్ళో గోడ మీద అంటించాలి. ఇంకో సంగతి మాత్రం తేలిపోయింది. గోదావరి తెచ్చే ఒండ్రు 1970ల్లో ఏడాదికి సుమారు 15 కోట్ల టన్నులుండేది, ఎగువ ఆనకట్టల వల్ల ఈ శతాబ్దం మొదటికి 6 కోట్ల లోపుకు పడిందని ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్కగట్టారు. కోనసీమను పోసింది ఆ ఒండ్రే. అది తగ్గితే తీరం వెనక్కి జరుగుతుంది.

రొయ్యల గురించి క్లుప్తంగా చెబుతాను. 1990ల్లో తెల్లమచ్చ రోగం, 1996లో ఈ చెరువులపై సుప్రీంకోర్టు తీర్పు, 2009 తర్వాత వనామీ రకం, 2025 ఆగస్టులో అమెరికా వేసిన 50 శాతం సుంకం. ప్రతిసారీ మన చెరువుగట్టు మీది ధర ఎక్కడో నిర్ణయమైంది. పక్క పొలం చౌడు మాత్రం మనదే.

ఇవన్నీ ఎటుపోయినా ఇళ్ళు నిలబడ్డాయంటే కారణం గల్ఫ్ డబ్బు. రాజోలు, మలికిపురం, మామిడికుదురు వైపు నుంచి కువైట్, మస్కట్, దోహాలకు ఇంటిపనికి వెళ్ళిన ఆడవాళ్ళు పిల్లల్ని అమ్మమ్మల దగ్గర వదిలి పంపిన సొమ్ముతో ఎన్ని మేడలు లేచాయో మీకు తెలుసు. ఆ తల్లులను ఏ లెక్కల పుస్తకమూ వనరుగా రాయదు. నేను రాస్తాను. ఈ సీమ ఏరు దాటించిన సరుకుల్లో అన్నిటికంటే ఖరీదైనది వాళ్ళ యౌవనం.

నేను నిరాశతో రాలేదు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బియ్యప్పిండి, బెల్లం, నెయ్యి కలిపి, ఏరు దాటేముందే ధర కట్టుకోవడం అక్కడి ఆడవాళ్ళకు తెలుసు. కొబ్బరికీ అరటికీ అదే చేయవచ్చు. కానీ మునిగిన నేల మీద ఏదీ చేయలేం. కాబట్టి ఈ సభలో ఉన్న ప్రతి ఊరివారికీ నా మనవి ఒకటే. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు మీ ఊరి మురుగు కాలవ వెంట సముద్రపు మొగ దాకా నడవండి. ఎక్కడ పూడిందో, ఎక్కడ ఆక్రమించారో, ఎక్కడ ఉప్పునీరు ఎగదన్నుతోందో కాగితం మీద రాయండి. అందరూ సంతకాలు పెట్టి, వానలు పడేలోపు అమలాపురం కలెక్టరేట్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి.