ఋణవిమోచనము – ఉత్సాహరక్షణము

(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



గృహవ్యయమును తగ్గించి అప్పు తీర్చుకొనుటను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని ఆహ్వానసంఘమువారు మమ్ము కోరిరి. మితవ్యయము మంచిదని చెప్పుటకు ఉపన్యాస మక్కఱలేదు. అది ఎల్లరు నెఱిగినదే. దానికై సంకల్పించిన గృహస్థుడు నడుమ ఏల విరమించుచున్నాడు, ఆతని ఉత్సాహమును నిలుపు ఉపాయమేది అనునదే విచారింపదగిన విషయము.

మన ప్రాచీనులు వడ్డీ లెక్క ఎఱుగనివారు కారు. నూటికి నెలకు ఒకటిన్నొక పాతిక, అనగా ఏడాదికి 15, ధర్మ్యమైన వడ్డీ యని కౌటిల్యుడు చెప్పెను. వర్తకులకు నెలకు 5, అడవిత్రోవల పోవువారికి 10, సముద్రయానము చేయువారికి 20 అని అపాయమును బట్టి హెచ్చించెను. నేడు మన యూళ్లలో వాడుకలోనున్న రెండు రూపాయల వడ్డీ ఏడాదికి 24 అగుచున్నది. మూడు రూపాయల వడ్డీ 36. క్రెడిట్ కార్డు బాకీని గడువులోపల పూర్తిగా కట్టనిచో పడు వడ్డీయు తఱచు ఇంతకు తక్కువ కాదు. ఓడ నెక్కకయే, అడవి దాటకయే, ఇంట కూర్చుండియే ధర్మవడ్డీకి ఇబ్బడిగా చెల్లించుచున్నాము.

ఒక లెక్క చూతము. లక్ష రూపాయల అప్పు. మిగిలిన అసలుపై నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. నెలనెలకు 3,000 రూపాయల చెల్లింపు. మొదటి నెలలో 2,000 వడ్డీకే పోవును. అసలు తగ్గునది వేయి మాత్రమే. ఏడాది నిండునప్పటికి 36,000 రూపాయలు చెల్లింపబడును గాని, అసలు తగ్గునది సుమారు 13,400 మాత్రమే. ఇచ్చటనే గృహస్థుని గుండె జాఱును. ‘ఇంత కడుపు కట్టుకొన్నను కొండ కరగలేదే’ యని నిట్టూర్చి, ఆ సంక్రాంతికే మఱల చేయి సాచును. అయ్యా, ఆ లెక్కనే తుదవఱకు చదువుడు! చివరి ఏడాదిలో ప్రతి 3,000లోను 2,300కు పైగా అసలునకే చేరును. అప్పు సుమారు 56 మాసములకు తీరును. నెలకు మఱియొక వేయి చేర్చినచో 35 మాసములకే తీరి, వడ్డీలో సుమారు 26,000 రూపాయలు మిగులును. మొదటి ఏడాది విత్తనము నేలలోనుండు కాలము. మొలక కానరాలేదని చేను విడిచిపోవు రైతు కలడా?

అలంకారికులు ఉత్సాహమును వీరరసమునకు స్థాయిభావమని నిర్ణయించిరి. అప్పులవాడు గడపలో నిలిచి గద్దించిన దినమున పుట్టు పట్టుదల స్థాయి కాదు. అది సంచారిభావము వలె వచ్చిపోవునది. దానిని స్థాయిగా చేయుటకు ఆలంబనము కావలెను. ఇల్లాలును, ఈడువచ్చిన పిల్లలును చూచునట్లు ఒక పుస్తకము పెట్టి, నెలనెలకు మిగిలిన అసలెంతయో వ్రాయుడు. దాచిన అప్పునకు ఒక్కడే మోయువాడు. చెప్పుకొన్న అప్పునకు ఇంటిల్లిపాదియు భుజమిచ్చును.

ఏ అప్పు ముందు తీర్పవలెనని కొందఱు అడుగుదురు. గణితము హెచ్చు వడ్డీ అప్పే ముందనును. అయినను, నాలుగైదు బాకీలున్నవాడు మిక్కిలి చిన్నదానిని ముందు తీర్చి ఆ నోటును చింపివేసిన దినమున పొందు ధైర్యమును గణితము కొలువజాలదు. ఒకటి అట్లు తీర్చి, పిదప హెచ్చు వడ్డీ దానిపై పడుట మా మతము. వ్యాధి వచ్చినప్పుడు మఱల నోటు వ్రాయకుండునట్లు కొంత సొమ్ము విడిగా నుంచవలెను. పండుగనాడు పిల్లలకు పిండివంటయైన లేకుండ చేయు పొదుపు నిలువదు. తెగునంత బిగించిన త్రాడు పనికిరాదు.

వ్యయము తగ్గింతమన్నంతనే పురుషులు వంటయింటివైపు చూతురు. పాలు తగ్గింపుము, నూనె తగ్గింపుము అందురు. వెచ్చములలో నెలకు 500 రూపాయలు మిగిల్చినచో ఏడాదికి 6,000. పెండ్లిలో గొప్పకై పిలిచిన 300 మంది అదనపు అతిథులకు విస్తరికి 300 రూపాయల చొప్పున 90,000. అనగా ఇల్లాలు పదునైదేండ్లు కూడబెట్టినది మనము ఒక్కపూట వడ్డించి లేచుచున్నాము! పొదుపు పాలగిన్నెయొద్ద కాదు, శుభలేఖల పట్టికయొద్ద మొదలుకావలెను.

ఇచ్చట ఈ మహాసభకే ఒక మాట మనవిచేయవలసియున్నది. గృహస్థుని ఉత్సాహమును చంపునది వడ్డీవ్యాపారి యొక్కడే కాడు, మనమును. పెండ్లి క్లుప్తముగా చేసినవానిని చూచి ‘చితికిపోయినాడట’ అనువారెవరు? విస్తరిలో ఎన్ని రకములు వడ్డించిరో లెక్కించువారెవరు? ఆ మాటకు వెఱచియే మనవాడు పొలము కుదువపెట్టుచున్నాడు. కావున సంపన్నులకు మా విన్నపము: కలవారు ముందు తమ యిండ్ల శుభకార్యములను మితముగా చేయుడు. లేనివాడు మితముగా చేసిన లేమి యందురు. కలవాడు చేసిన మర్యాద యందురు. మీరు వేసిన త్రోవలో లేనివాడు తలయెత్తుకొని నడచును. ఈ సంఘమునకిచ్చు చందా సయితము అప్పుచేసి యీయవలదు. అట్టివాని పేరు దాతల పట్టికలో లేకున్నను ఆతని గౌరవమునకు లోపము లేదని ఈ సభ ప్రకటింపవలెను.

దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అని మూడు ఋణములతో మానవుడు పుట్టునని వేదము చెప్పినది. అవి తీర్చుకొనుటయే ధర్మము. వానికి నాలుగవదానిని చేర్చి బిడ్డలకు అప్పగింపకుండుట మనచేతిలోని పని. నేడు ఇంటికి పోయి, మొగమాటపడక, మీ బాకీలన్నియు ఒక్క కాగితముపై వ్రాయుడు. వ్రాసిన కాగితమును ఇల్లాలికి చూపుడు. ఉత్సాహమునకు అదియే తొలిమెట్టు.