అమరావతి రాళ్ళ ముందు

మదరాసు మ్యూజియమునకు మన పల్లెలలో పూర్వము ఒక పేరు ఉండేది: చచ్చిన కాలేజీ. జంతువుల తోటకు బ్రతికిన కాలేజీ అని పేరు. పట్నము చూడబోయినవారు ఆ రెండింటిని, సముద్రమును చూచి తిరిగి వచ్చేవారు. తిమింగలము అస్థిపంజరమును గురించి ఇరుగుపొరుగుల వారికి పది రోజులు చెప్పేవారు. అక్కడ మన అమరావతి శిల్పములు ఉన్నవని చెప్పినవారు మాత్రము అరుదు.

కొన్ని సంవత్సరముల క్రిందట మా పెదనాన్నగారు కంటి శస్త్రచికిత్సకై చెన్నై వచ్చినారు. జీవితమంతా నల్లరేగడిలో ప్రత్తి, మిరప పండించిన మనిషి. కట్టు విప్పిన తరువాత, ఊరికి పోయేలోగా ఏదైనా చూపించమన్నారు. ఎగ్మూరులోని మ్యూజియమునకు తీసికొని వెళ్ళినాను. 1851లో స్థాపించిన సంస్థ అది. మొదట ఆయన సంతలో నడిచినట్లే నడిచినారు. కంచు విగ్రహములకు చేతులు జోడించి ముందుకు సాగినారు. అమరావతి శిల్పముల గదిలో ఒక పలకను చేతితో తాకబోయి, నేను వారించగా ఆగి, దగ్గరగా వంగి చూచినారు.

"ఒరే అబ్బాయీ, ఇది మన పలనాటి రాయి గదరా! ఇక్కడికెట్లా వచ్చింది?"

ప్రశ్న సులభమే. సమాధానము చెప్పుటకు నాకు కొంత సమయము పట్టినది. కృష్ణ ఒడ్డున క్రీస్తు పూర్వమే ఆరంభమై, శాతవాహనుల కాలమున వైభవమందిన మహాస్తూపము క్రమముగా మట్టిదిబ్బయైనది. 18వ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు అక్కడ పట్టణము కట్టించినప్పుడు ఆ దిబ్బ నుండి రాళ్ళు తీసినారు. 1797లో చూచిపోయిన కాలిన్ మెకంజీ, 1816లో మరల వచ్చేసరికి చాలా భాగము మాయమైనది. కొన్ని రాళ్ళు కట్టడములలో చేరినవి. కొన్ని సున్నపు బట్టీలలో కాలినవి. మెకంజీ వ్రాయించిన చిత్రములలో తప్ప మరెక్కడను కనిపించని శిల్పములు కలవు. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించిన రాళ్ళు మదరాసు చేరినవి. వానిలో పెక్కింటిని 1859లో లండనుకు పంపినారు. 1880 నుండి అవి బ్రిటిషు మ్యూజియములో ఉన్నవి. తరువాతి త్రవ్వకములలో దొరికినవి అనేకము మదరాసులో నిలిచినవి.

పెదనాన్నగారు కొంతసేపు మాటాడలేదు. "అయితే కాల్చింది మనవాళ్ళు, దాచింది పరాయివాళ్ళన్నమాట" అన్నారు. అందులో సగము సత్యము ఉన్నది. దాచినవారు మనలను అడిగి తీసికొనిపోలేదు. ఎండకు వానకు విడిచిన కాలమును ఉన్నది. కాని కాలిన రాతి సున్నము మన గోడలకే పూసికొన్నాము.

తరువాత ఆయనను నాలగిరి శిల్పము ముందు నిలిపినాను. గుండ్రని పలక, క్రీ.శ. 2వ శతాబ్ది నాటి పని. బుద్ధుని చంపుటకై రాజగృహ వీధిలోనికి వదలిన మదపుటేనుగు కథ అది. ఒక ప్రక్క ఏనుగు మనుష్యులను త్రొక్కుచు వచ్చుచున్నది. గవాక్షముల నుండి జనులు తొంగిచూచుచున్నారు. భయముతో ఒదిగిపోయిన స్త్రీ ఉన్నది. మరొక ప్రక్క బుద్ధుని పాదముల చెంత ఏనుగు మోకరిల్లినది. "ఏనుగులు రెండా?" అని అడిగి, నేను చెప్పకముందే ఆయనే అన్నారు: "కాదులే. అది ముందు, ఇది తరవాత." ఆ ఒక్క రాతి ముందు ఇరువది నిమిషములు నిలిచినాము.

శ్రోతలారా, మ్యూజియమునకు వెళ్ళినప్పుడు వేయి వస్తువులను దాటిపోవుట కంటె ఒక్క రాతిని నిదానముగా చూడుట మేలు. మొదట అమరావతికే వెళ్ళండి. గుంటూరుకు సుమారు 35 కిలోమీటర్లు. స్తూపస్థలమును, అక్కడి మ్యూజియమును పిల్లలకు చూపించండి. తరువాత చెన్నై వెళ్ళినచో అక్కడి రాళ్ళు ఏ నేల నుండి వచ్చినవో వారికే తెలియును.

తిరిగి వచ్చుచు పెదనాన్నగారు ఒక ప్రశ్న వేసినారు: "మన ఊరి బావి దగ్గర బట్టలుతికే బండ ఉంది గదా, దాని అడుగున ఏముందో ఎప్పుడన్నా చూశావా?" నేను చూడలేదు. మన సీమలో అటువంటి రాయి ఏ గట్టున, ఏ మెట్టున ఉన్నదో ఎవరికి తెలుసు? చెక్కడపు రాయి కంటబడినచో పగులగొట్టక, కదలింపక, పురావస్తు శాఖవారికి ఒక మాట తెలుపండి. మిగిలినవానినైనా మనము దాచుకొందము.