బిళ్ళ కట్టిందా? లింఫ్ నోడ్స్ చేత్తో పట్టి చూడటం ఎలా

కాలికి పుండైతే గజ్జల్లో బిళ్ళ కట్టిందని ఇళ్లల్లో అంటారు కదా, ఆ బిళ్ళే లింఫ్ నోడ్. దాన్ని పరీక్ష చేయడం ఎలాగో ఈ రోజు చెప్తాను. మెడికల్, నర్సింగ్ స్టూడెంట్స్ కోసం చేస్తున్న ఎపిసోడ్ ఇది, కానీ మిగతావాళ్ళు కూడా చివరిదాకా చూడండి.

ముందు నా తప్పు ఒకటి చెప్పాలి. హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఒక పెద్దాయన కడుపు నొప్పి, ఆకలి లేదు, బరువు తగ్గానని వచ్చారు. చొక్కా గుండీ కూడా విప్పించకుండా, ఎదురుగా నిలబడి మెడ అలా తడిమి, 'బిళ్ళలు లేవు' అని కేస్ షీట్‌లో రాసేశాను. సాయంత్రం పీజీ మేడమ్ ఆయన వెనక నిలబడి చూస్తే, ఎడమ కాలర్ ఎముక పైన రాయిలాంటి బిళ్ళ! కడుపులో క్యాన్సర్ అక్కడిదాకా పాకింది. చేయాలనుకున్న ఆపరేషన్ ప్లానే మారిపోయింది. పది సెకన్ల పని, నేను చేయలేదు.

సరే, పద్ధతికి వద్దాం. పేషెంట్‌ని కూర్చోబెట్టండి, ఏం చేయబోతున్నారో చెప్పండి, మెడ, భుజాలు కనిపించేలా బట్టలు సర్దండి. మీరు వెనక నిలబడండి. "గడ్డం కొంచెం కిందకి దించండి" అనండి. అప్పుడు మెడ కండరాలు వదులవుతాయి. వేళ్ళ కొసలతో పొడవకండి. వేళ్ళ మెత్తటి భాగంతో చిన్న సున్నాలు చుట్టినట్టు తిప్పాలి.

వరస గుర్తుపెట్టుకోండి: గడ్డం కింద, దవడ కింద, చెవి ముందు, చెవి వెనక, తల వెనక, మెడ పక్కన, చివరగా కాలర్ ఎముక పైన. మెడ పక్కన రెండు వైపులా ఒకేసారి గట్టిగా నొక్కొద్దు, మెదడుకి రక్తం వెళ్ళేది అక్కడి నుంచే. కాలర్ ఎముక దగ్గర గట్టిగా ఊపిరి పీల్చమనండి, లోపలున్న బిళ్ళ వేళ్ళకి తగలొచ్చు.

చంక చూసేటప్పుడు పేషెంట్ కుడి చేతిని మీ కుడి చేత్తో మోయండి, మీ ఎడమ చేత్తో చూడండి. ముందు, వెనక, లోపలి గోడ, చేతి వైపు, పైన శిఖరం, అన్నీ తడమాలి. ఎడమ చంకకి చేతులు మార్చండి. గజ్జలు చూసే ముందు అనుమతి అడగాలి, తెర వేయాలి.

బిళ్ళ దొరికితే ఇవన్నీ రాయండి: ఎక్కడ, ఎన్ని, ఎంత సైజు, నొప్పి ఉందా, మెత్తనా గట్టిదా, కదులుతోందా, ఒకదానికొకటి అతుక్కున్నాయా, పైన చర్మం ఎలా ఉంది. నొప్పిగా ఉంటే ఎక్కువగా ఇన్ఫెక్షన్. అతుక్కుని ఉంటే మన దేశంలో టీబీని ముందు గుర్తు చేసుకోవాలి. రబ్బరులా ఉంటే లింఫోమా, రాయిలా ఉండి కదలకపోతే క్యాన్సర్ పాకిందేమో అని అనుమానించాలి. ఇవి అనుమానాలే, తేల్చేది సూది పరీక్ష, బయాప్సీ.

మిగతావాళ్ళకి ఒక్క మాట. జలుబు చేసినప్పుడు మెడలో చిన్న బిళ్ళ రావడం మామూలే. రోజుకి పదిసార్లు నొక్కి చూసుకోకండి. కానీ రెండు వారాలైనా తగ్గకపోయినా, పెరుగుతున్నా, జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఉన్నా డాక్టర్‌కి చూపించండి. టీబీ అని తేలినా భయం వద్దు, గవర్నమెంట్ ఆసుపత్రిలో మందులు ఉచితం, పూర్తిగా వాడితే నయమవుతుంది.

స్టూడెంట్స్, రేపు వార్డులో 'బిళ్ళలు లేవు' అని రాసే ముందు ఆ పెద్దాయన గుర్తుకు రావాలి. ముందు గుండీ విప్పించండి. మళ్ళీ కలుద్దాం.